ఒట్టో కంటే ముందే గ్యాస్ ఇంజను అమ్ముడుపోతుంటే, పేరు ఒట్టోకి ఎలా వచ్చింది?

బాలు_మెక్
అన్నలకు, మాస్టార్లకు నమస్తే. మొన్న థర్మల్ ల్యాబ్ వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు "ఒట్టో కంటే ముందు ఇంజనే లేదా?" అని అడిగారు. లెన్వార్ ఉన్నాడన్నాను. "లెన్వార్ ఇంజన్లు వందల్లో అమ్ముడుపోయాయి కదా, మరి నీ పుస్తకంలో పెట్రోలు ఇంజను పనిచేసే నాలుగు స్ట్రోకుల వరసకి ఒట్టో సైకిల్ అని ఎందుకుంది?" అన్నారు. తర్వాత నేనేం వాగానో ఇక్కడ రాయను. నెట్‌లో చూస్తే తలా ఒక పేరు చెబుతున్నారు: హైగెన్స్, నియెప్స్, బర్సాంటి, లెన్వార్, బో ద రోషా, ఒట్టో, బెంజ్. అసలు ఏం జరిగిందో తెలిసినవాళ్లు కొంచెం విడమర్చి చెప్పండి.

లేత్_మాస్టారు
ఆ ఎక్స్‌టర్నల్ ఎవరో గానీ గట్టివాడే. పాలిటెక్నిక్‌లో ఇదే పాఠం చెప్పి రిటైరయ్యాను, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదువు.

ఎతియెన్ లెన్వార్ ఇప్పటి బెల్జియంలోని ఒక పల్లెలో పుట్టి పారిస్ చేరినవాడు. ఎనామిల్ పని, టెలిగ్రాఫు పని, చేతికి ఏది దొరికితే అది చేశాడు. 1860 జనవరి 24న గ్యాస్ ఇంజనుకు పేటెంటు తీసుకున్నాడు. దాన్ని చూస్తే నీకు ఆవిరి ఇంజనే అనిపిస్తుంది. అదే అడ్డ సిలిండరు, జరుగుతూ దారి తెరిచి మూసే అవే స్లైడ్ వాల్వులు, పిస్టనుకు రెండువైపులా పని. తేడా అంతా లోపలుంది. స్ట్రోకులో, అంటే పిస్టను ఒక చివర నుంచి ఇంకో చివరికి పోయే ప్రయాణంలో, మొదటి సగం దాకా పిస్టను బొగ్గు గ్యాసునూ గాలినీ లోపలికి లాక్కుంటుంది. అక్కడ వాల్వు మూసుకుని ఇండక్షన్ కాయిల్ నుంచి స్పార్కు పడుతుంది. మిగిలిన సగంలోనే తోపు.

గమనించావా, కంప్రెషన్, అంటే అంటించే ముందు నొక్కడం, అనేదే లేదు. వాతావరణ పీడనం దగ్గరున్న గ్యాసును అలాగే అంటించాడు. సగం స్ట్రోకు ఖర్చయ్యాక అంటించడంతో వ్యాకోచానికి చోటే మిగల్లేదు. ఇంకా బోలెడు వేడి ఉండగానే పొగ బయటికి పోయేది. సామర్థ్యం 4 శాతం దగ్గర ఆగిపోయింది. గ్యాసు తాగేది, కందెన నూనె అంతకంటే ఎక్కువ తాగేది, నీళ్లు పోసి చల్లబరచకపోతే పట్టేసేది.

అయినా కొన్నారు. ఎందుకంటావు? చిన్న ప్రెస్సు నడుపుకునేవాడు ఒకటి రెండు హార్స్‌పవర్ల కోసం బాయిలరు పెట్టుకోలేడు. బాయిలరంటే పేలుతుందన్న భయం, మంట చూసుకునే మనిషి, పొద్దున్నే గంటసేపు రాజేయడం. గ్యాస్ ఇంజనుకి ఇవేవీ లేవు. దీపాల కోసం వేసిన గ్యాస్ గొట్టం వీధిలో ఉండనే ఉంది, కుళాయి తిప్పితే చాలు. ఇంజను చరిత్ర కారుతో మొదలైందనుకుంటారు చాలామంది. కాదు, మూల గదిలో ఒక బెల్టు తిప్పుకోవాలన్న అవసరంతో మొదలైంది.

గోదారిగట్టు
మాస్టారూ, లెన్వార్ కంటే ముందోళ్ల సంగతి కూడా రెండు ముక్కలు చెప్పండి, లేకపోతే బర్సాంటి మావాడంటూ ఇటలీవాళ్లు వచ్చి గొడవ చేస్తారు 😄

ఈలోగా నాకు తెలిసింది నేను చెబుతా. 1670ల్లో పారిస్‌లో హైగెన్స్ తుపాకిమందు పేల్చి పిస్టను కదిలించే ప్రయత్నం చేశాడు. దానికి అసిస్టెంటుగా ఉన్న దెనీ పపాఁ ఆ తర్వాత ఆవిరి వైపు మళ్లాడు. 1807లో ఫ్రాన్స్‌లో నియెప్స్ అన్నదమ్ములు లైకోపోడియం అనే మొక్క పుప్పొడి లాంటి పొడిని మండించి సోన్ నదిలో పడవ నడిపారు, పేటెంటు మీద నెపోలియన్ సంతకం ఉంది. అన్న క్లోద్ ఆ ఇంజనును అమ్ముకుందామని ఇంగ్లండు వెళ్లి ఇంటి ఆస్తి కరగబెట్టాడు. తమ్ముడు నిసెఫోర్ ఇంట్లో కూర్చుని ప్రపంచంలో మొదటి ఫోటో తీశాడు. ఇంజను చరిత్రలో కాలుపెట్టి ఫోటోగ్రఫీ చరిత్రలో తేలినవాడు ఈయనొక్కడే అనుకుంటా.

అదే 1807లో దె రివాజ్ అనే ఆయన హైడ్రోజన్ గ్యాసును స్పార్కుతో పేల్చి బండిని కొన్ని గజాలు కదిలించాడు. హైడ్రోజన్ బండి కొత్తదనుకునేవాళ్లు ఇది చదవండి.

ప్రశ్నార్థకం
అందరూ మర్యాదగా మాట్లాడుతున్నారు కాబట్టి నేనే చెడ్డవాణ్ణవుతా. ఒట్టోది కొట్టేసిన ఐడియా. సక్షన్ (లాగడం), కంప్రెషన్ (నొక్కడం), పవర్ (తోపు), ఎగ్జాస్ట్ (పొగ బయటికి) అని నాలుగు స్ట్రోకుల వరస బో ద రోషా అనే ఫ్రెంచి ఇంజనీరు 1862లోనే రాశాడు, పేటెంటు కూడా వేశాడు. ఒట్టో ఇంజను వచ్చింది 1876లో. 14 ఏళ్ల తేడా. జర్మన్ కోర్టే 1886లో ఒట్టో పేటెంటు కొట్టేసింది. ఇంకేం కావాలి?

లేత్_మాస్టారు
నువ్వన్న తారీఖులన్నీ కరెక్టే. తీర్పు మాత్రం తొందరపాటు.

బో ద రోషా రాసింది నిజంగా తెలివైన రాత. మండే ముందు గ్యాసును వీలైనంత నొక్కాలి, మండాక వీలైనంత త్వరగా, వీలైనంత ఎక్కువగా వ్యాకోచించనివ్వాలి అని కారణాలతో సహా చెప్పాడు. కానీ ఇంజను కట్టలేదు. పేటెంటు ఫీజు కట్టక అది చెల్లిపోయింది. ఆ కాగితం అచ్చయింది కూడా కొద్ది కాపీలే.

ఒట్టో దగ్గరికి రా. ఇంజనీరు కాదు. జర్మనీలో కొలోన్ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి టీ, పంచదార, వంటింటి సామాన్లు కిరాణా కొట్లకు ఆర్డర్లు పట్టే సేల్స్‌మన్. లెన్వార్ ఇంజను సంగతి పేపర్లో చదివి, 1861లో ఒక మెకానిక్ చేత అలాంటిది చిన్నది చేయించుకున్నాడు. గ్యాస్ గొట్టం లేని పల్లెల్లో కూడా నడవాలని స్పిరిట్‌ను ఆవిరి చేసి వాడే ఏర్పాటు ఆలోచించాడు, ప్రష్యా పేటెంటు ఆఫీసు తిప్పికొట్టింది. ఆ బొమ్మ ఇంజనుతో ఆడుతూనే, మిశ్రమాన్ని లోపలికి లాగి, పిస్టనును వెనక్కి నెట్టి, నొక్కాక అంటిస్తే ఫ్లైవీలు (ఊపు నిలిపే బరువు చక్రం) గట్టిగా తిరగడం చూశాడు. 1862లో నాలుగు సిలిండర్ల ఇంజను చేయించాడు. పేలుళ్ల దెబ్బలకు అది కొద్దికాలంలోనే ముక్కలైంది.

అంటే రోషా కాగితం మీద పెట్టిన ఏడాదే ఒట్టో ఇనుములో ప్రయత్నించి ఓడిపోయాడు. ఓడిపోయినవాడు ఎవరి దగ్గరో కొట్టేశాడని ఎలా అంటాం?

రైన్_తీరం
కొలోన్ దగ్గరే ఉంటాను కాబట్టి మధ్యలో దూరుతున్నా. 1862కీ 1876కీ మధ్య ఒట్టో ఖాళీగా లేడు. 1864లో ఆయ్‌గెన్ లాంగెన్ అనే చక్కెర వ్యాపారి డబ్బు పెట్టాడు. ఇద్దరూ కలిసి పెట్టిందే ప్రపంచంలో మొట్టమొదటి ఇంజన్ల ఫ్యాక్టరీ. అక్కడ తయారైంది 'అట్మాస్ఫియరిక్' ఇంజను. ఇది నడుస్తుంటే ఒకసారి ఇక్కడ మ్యూజియంలో చూశాను, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మనిషి కంటే ఎత్తున నిలువు సిలిండరు, పైన తెరిచి ఉంటుంది. పిస్టనుకు కనెక్టింగ్ రాడ్ లేదు, దాని బదులు పళ్లున్న పొడవాటి కడ్డీ పైకి నిలబడి ఉంటుంది. కింద కొంచెం గ్యాసు చేరి అంటుకోగానే పిస్టను ఏ బరువూ లేకుండా, దేనికీ తగులుకోకుండా పైకి ఎగిరిపోతుంది. ఆ ఎగరడంలో ఫ్లైవీలుకి దాంతో సంబంధమే లేదు. పైకి వెళ్లాక లోపలి వాయువు చల్లబడి పీడనం పడిపోతుంది. అప్పుడు బయటి గాలి బరువు పిస్టనును కిందికి తోస్తుంది. కిందికి వచ్చేటప్పుడే క్లచ్ పట్టుకుని షాఫ్టును తిప్పుతుంది. పేలుడు ఇంజనును తిప్పదు, గాలి తిప్పుతుంది. ఎగరడం సర్రున, దిగడం టకటకటకమని కడ్డీ పళ్ల చప్పుడుతో. గదిలో పక్కవాడి మాట వినపడదు.

వినడానికి వెర్రిగా ఉంటుంది గానీ ఒట్టో 1862లో ఎక్కడ దెబ్బతిన్నాడో చూడండి. పేలుడు దెబ్బ నేరుగా క్రాంకు (పిస్టను కదలికను తిరుగుడుగా మార్చే వంపు కడ్డీ) మీద పడి ఇంజను విరిగింది. ఇక్కడ క్రాంకే లేదు.

1867 పారిస్ ఎగ్జిబిషన్‌లో దీన్ని పెట్టినప్పుడు ఆ రూపం, ఆ చప్పుడు చూసి మొదట ఎవరూ పట్టించుకోలేదట. జ్యూరీలో ఉన్న ఫ్రాంజ్ రూలో, లాంగెన్‌తో కలిసి చదువుకున్నవాడు, గ్యాసు ఎంత తాగుతుందో కొలిచి చూడమని పట్టుబట్టాడు. కొలిస్తే మిగతా ఇంజన్లు తాగేదాంట్లో సగం కూడా తాగలేదు. బంగారు పతకం వచ్చింది. క్లాస్‌మేట్ జ్యూరీలో ఉండటం ఎంతైనా అదృష్టమే, కానీ మీటరు అబద్ధం చెప్పదు కదా.

ఆయిలింజన్_మస్తాన్
సార్లూ, నేను చదువుకున్నది తక్కువ, విప్పింది ఎక్కువ. ఒంగోలు వైపు బావుల మీద ఆయిలింజన్లు రిపేరు చేసేవాణ్ణి. మీరు కంప్రెషన్ అంటుంటే నాకు చెయ్యి గుర్తొస్తుంది.

సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజనుకి హెడ్డు మీద డికంప్రెషన్ లివర్ ఉంటుంది. అది ఎత్తిపెట్టి హ్యాండిల్ వేసి తిప్పితే వాల్వు తెరుచుకునే ఉండి గాలి బుస్సుమని పోతుంది, ఫ్లైవీలు హాయిగా తిరుగుతుంది. ఊపు అందుకున్నాక లివర్ వదిలేస్తారు. అప్పుడు చేతికి ఒక్కసారిగా అడ్డం తగుల్తుంది చూడండి, అదే కంప్రెషన్. ఆ అడ్డాన్ని ఫ్లైవీలు దాటిందా, ఇంజను దబ్బున అంటుకుంటుంది. రింగులు అరిగిపోతే అడ్డం తగలదు, ఎంత తిప్పినా తెల్లపొగే. రైతు వచ్చి "మస్తానూ, ఇంజను పట్టటంలా" అంటే ముందు హ్యాండిల్ తిప్పి చూసేవాణ్ణి. అడ్డం లేకపోతే హెడ్డు విప్పాల్సిందే, ఇక నాజిల్ (డీజిల్ చిమ్మే ముక్కు) జోలికి పోను.

ఇప్పుడు నా డౌటు. 1876లో ఒట్టో నొక్కాడు సరే, అంటించింది దేంతో? లెన్వార్ లాగా స్పార్కుతోనేనా?

లేత్_మాస్టారు
బాలూ, మస్తాన్ గారి పోస్టు రెండుసార్లు చదువు. వైవాలో ఇది చెప్పి ఉంటే ఎక్స్‌టర్నల్ నిన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవాడు.

మస్తాన్ గారూ, అంటించింది మంటతోనే! బయట ఎప్పుడూ వెలుగుతుండే గ్యాస్ దీపం ఒకటి. స్లైడ్ వాల్వులో చిన్న గది. ఆ గదిలోకి కొంచెం గ్యాసు వచ్చి బయటి దీపం దగ్గర అంటుకుంటుంది. స్లైడు జరిగి, మండుతున్న ఆ గదిని సిలిండరు వైపు తెరుస్తుంది. లోపల నొక్కిన మిశ్రమం పీడనం ఎక్కువ, మంట ఆరిపోవాలి. ఆరకుండా ముందు సన్నటి దారిలో పీడనం సమానం చేసి, తర్వాత కిటికీ తెరిచేవారు. ఇదంతా ప్రతి పేలుడుకీ జరగాలి. అందుకే ఆ ఇంజను నిమిషానికి 180 చుట్ల దగ్గరే ఆగిపోయింది. స్లైడు అంతకంటే వేగంగా మంటను మోయలేదు.

కంప్రెషన్ కూడా మీ డీజిలంత కాదు, సుమారు రెండున్నర రెట్లే. అయినా సామర్థ్యం లెన్వార్ ఇంజనుకి మూడు రెట్లు దాటింది. చప్పుడు తగ్గింది కాబట్టి దాన్ని అప్పట్లో 'నిశ్శబ్ద ఒట్టో' అనేవారు. అట్మాస్ఫియరిక్ మోత విన్నవాళ్లకు అది నిశ్శబ్దమే మరి.

ప్రశ్నార్థకం
సరే, దొంగతనం మాట వెనక్కి పెడదాం. కోర్టు ఎందుకు కొట్టేసినట్టు?

లేత్_మాస్టారు
అసలు మజా ఇక్కడే. ఒట్టో తన గొప్పదనం నాలుగు స్ట్రోకుల్లో ఉందనుకోలేదు! పేటెంటులో ముఖ్యంగా పట్టుకున్నది 'పొరల మిశ్రమం'. నిప్పు దగ్గర గ్యాసు చిక్కగా, పిస్టను దగ్గర పలచగా ఉంటుంది, అందుకే పేలుడు దెబ్బ మెత్తబడుతుంది అని ఆయన గట్టి నమ్మకం. 1862 ఇంజను విరిగిన దెబ్బ ఆయన్ని వదల్లేదు, దానికి మందు దొరికిందనుకున్నాడు. నాలుగు స్ట్రోకుల వరస పేటెంటులో ఒక పక్కన ఉంది.

పోటీ కంపెనీలు కంప్రెషన్ ఇంజన్లు చేయడం మొదలెట్టగానే కేసులు పడ్డాయి. ప్రతివాదుల వైపు ఎవరో రోషా కాగితం తవ్వి తీశారు. 1886లో జర్మనీలో నాలుగు స్ట్రోకుల హక్కు పోయింది. ఇంగ్లండులో మాత్రం నిలిచింది. రోషా పుస్తకం బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీలో ఉంది కదా అని అక్కడ కూడా వాదించారు. అలా ఉన్నంత మాత్రాన జనానికి తెలిసినట్టు కాదని జడ్జి తేల్చాడు. ఒకే కాగితం, రెండు దేశాలు, రెండు తీర్పులు.

నా లెక్కలో ఆలోచనకి రోషా, పనిచేసే యంత్రానికి ఒట్టో. రోషా పేరు పెట్టాలని ఫ్రెంచివాళ్లు వాదిస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ పేరుతో అమ్ముకోవడానికి ఒక్క ఇంజనూ లేదు.

ఓరుగల్లు_పోరడు
గీ పేటెంటు పోవుడు కారు కట్టిన బెంజ్‌కి మస్తు కలిసొచ్చింది అన్నా. 1879 డిసెంబరు 31 రాత్రి మ్యాన్‌హైమ్‌లో ఆయన ఇంజను మొదటిసారి నడిచింది, అది టూ స్ట్రోక్. ఎందుకు టూ స్ట్రోక్ అంటే ఫోర్ స్ట్రోక్ మీద ఒట్టో పేటెంటు కూసుంది గదా. ఆ పేటెంటు నిలువదని తెలిసొచ్చినంక ఫోర్ స్ట్రోక్ తీస్కొని బండి కట్టిండు. 1886 జనవరి 29, పేటెంటు నంబరు 37435. 954 సీసీ, ఒక్క హార్స్‌పవర్ కూడా లేదు.

డైమ్లర్ ముచ్చట ఇంకో తీరు. ఆయనా, మేబాహ్ ఇద్దరూ ఒట్టో ఫ్యాక్టరీల పనిచేసినోళ్లే. ఒట్టోతోని పడక 1882ల బయటపడి, కాన్‌స్టాట్‌ల ఇంటి తోటలో ఉన్న షెడ్డులో పని పెట్టిండ్రు. రాత్రింబవళ్లు సుత్తి సప్పుడు వినొస్తుంటే దొంగ నాణేలు గుద్దుతున్నరని తోటమాలి పోలీసులకు చెప్పిండంట. వాళ్లొచ్చి చూస్తే ఇంజను ముక్కలే.

వాళ్లు మంట స్లైడు తీసేసి, ఎర్రగ కాలే చిన్న గొట్టం పెట్టిండ్రు. మిశ్రమం నొక్కుకుంటూ గొట్టంలకు పోయి దానంతట అదే అంటుకుంటది. దాంతోని 180 చుట్లు పోయి 600 అయినయి. చుట్లు పెరిగితే అదే పవర్‌కు ఇంజను చిన్నగైతది. 1885ల దాన్ని కట్టె చట్రం బండికి బిగించి రోడ్డు మీద తిప్పిండ్రు. గొట్టం వేడికి సీటు అంటుకుంది, అది వేరే సంగతి 😂

వసుధ_కె
బెంజ్ గారి గురించి చెప్పి ఆయన భార్య బెర్తా గురించి చెప్పకపోతే ఎలా? 1888 ఆగస్టులో భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని తీసుకుని మ్యాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్ దాకా, నూరు కిలోమీటర్లకు పైనే, బండి నడుపుకుంటూ పుట్టింటికి వెళ్లింది. ఆ బండి తయారవడంలో ఆమె కట్నం డబ్బూ ఉంది, పెళ్లికి ముందే తీసుకుని వర్క్‌షాపులో పెట్టారు.

పెట్రోలు బంకులు లేని కాలం. వీస్లోఖ్ ఊళ్లో మందుల షాపుకి వెళ్లి లిగ్రోయిన్ అనే పెట్రోలు లాంటి ద్రవం కొన్నది. మందుల షాపేంటి అంటారా? అప్పట్లో ఆ ద్రవం బట్టల మీద మరకలు తీయడానికి వాడేవారు, సీసాల్లో అమ్మేవారు. గొట్టం అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచింది. వైరు తెగి షార్ట్ అవుతుంటే కాలి మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకు చెక్క అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఎత్తు వచ్చినచోట పిల్లలతో కలిసి తోసింది, ఇంటికొచ్చి ఇంకో గేరు కావాలని చెప్పింది. దీన్ని సరదా ప్రయాణం అని రాస్తారు, నాకు మాత్రం ఇది మొదటి రోడ్ టెస్టు రిపోర్టు.

గోదారిగట్టు
ఇంకో పేరు ఎవరూ ఎత్తలేదు. వియన్నాలో సీగ్‌ఫ్రీడ్ మార్కస్. 1870లోనే తోపుడు బండికి ఇంజను బిగించాడు. యూదుడు కావడంతో 1938 తర్వాత నాజీలు ఆయన విగ్రహం పీకేశారు. విజ్ఞాన సర్వస్వాల్లో మార్కస్ పేరు తీసి డైమ్లర్, బెంజ్ పేర్లు పెట్టమని ఆదేశం పంపారు. అయితే ఆయన రెండో బండి 1875 నాటిదని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు, అది నిజానికి 1888 ప్రాంతానిదని తర్వాత తేలింది. ఆయనకు జరిగింది అన్యాయమే. తారీఖు తప్పు కావడం కూడా నిజమే. రెండూ కలిపి చూడాలి.

రాళ్లసీమ_రెడ్డి
మాది అనంతపురం, శెనక్కాయ దేశం. డీజిల్ ఇంజను మొట్టమొదట శెనగనూనెతో నడిచిందని మావోళ్లు గొప్పగా చెప్పుకుంటారు. నిజమేనా మాస్టారూ?

లేత్_మాస్టారు
సగం నిజం రెడ్డిగారూ. 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో ఫ్రాన్స్‌లోని ఒట్టో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించింది. తమ ఆఫ్రికా వలస రాజ్యాల్లో పండే గింజతో అక్కడే ఇంజన్లు నడపొచ్చా అన్న ఫ్రెంచి ప్రభుత్వం ఆలోచన అది. చూసేవాళ్లు తేడా కూడా కనిపెట్టలేదని రుడాల్ఫ్ డీజిలే తర్వాత చెప్పాడు. కానీ అది మొట్టమొదటి ఇంజను కాదు.

మొదటిది ఆగ్స్‌బర్గ్‌లో 1893లో. ఆయన మనసులో ఉన్నది ఇది: గాలిని మాత్రమే నొక్కాలి, ఎంత నొక్కాలంటే ఆ వేడికే ఇంధనం అంటుకోవాలి. ప్లగ్గు, దీపం, ఎర్రగొట్టం ఏదీ వద్దు. ఆగస్టు 10న పెట్రోలు చిమ్మగానే పేలి, పీడనం కొలిచే ఇండికేటరు ముక్కలై ఎగిరిపోయింది. పక్కనున్నవాళ్లు బతికిపోయారు. డీజిల్ మాత్రం సంతోషించాడు, నొక్కితే అంటుకుంటుందని తేలింది కదా. 1894 ఫిబ్రవరిలో ఒక నిమిషం సొంతంగా తిరిగింది. ఇంధనాన్ని లోపలికి పంపడమే చావు తిప్పలు, చివరికి ఇంకా ఎక్కువ పీడనంతో గాలి ఊది దాంతోపాటు పంపారు. 1897 ఫిబ్రవరి 17న ప్రొఫెసర్ ష్రోటర్ పరీక్ష చేస్తే 26.2 శాతం సామర్థ్యం.

బాలూ, లెన్వార్ 4 శాతం దగ్గర పెట్టుకుని చూడు. 37 ఏళ్లు. ఆ మధ్యలో మారినవి చాలా ఉన్నాయి గానీ, పెద్ద వాటా 'మండించే ముందు ఎంత నొక్కావు' అన్నదానిదే. నీ ఎక్స్‌టర్నల్ అడిగింది అదే.

ఆయిలింజన్_మస్తాన్
గాలి ఊది పంపడమా! అంటే ఇంజనుకి పక్కన ఇంకో కంప్రెసరు. ఊళ్లో ఆ పని ఎవడు చూస్తాడు సామీ. మన బావి మీద ఇంజనుకి పంపు, నాజిల్ చాలు. ఆ పంపు తీసుకొచ్చినోడికి దణ్ణం.

బాలు_మెక్
అందరికీ థాంక్స్. వైవా మళ్లీ పెట్టరు గానీ ల్యాబులో మూలన పడున్న సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజనుకి హ్యాండిల్ ఉంది. రేపు ల్యాబ్ అసిస్టెంట్ గారిని అడిగి మస్తాన్ అన్న చెప్పినట్టు లివర్ ఎత్తి తిప్పి చూస్తా. ఆ అడ్డం చేతికి తగలాలి.

ఆయిలింజన్_మస్తాన్
తమ్ముడూ, ఒక్కడివే చెయ్యొద్దు, లివర్ దగ్గర ఇంకొకరు ఉండాలి. ఆయిలు ఉందో లేదో ముందు గేజు తీసి చూడు. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు చుట్టూ తిప్పి పట్టొద్దు, నాలుగు వేళ్ల పక్కనే ఉంచు. వెనక్కి తన్నిందంటే మణికట్టు విరుగుతుంది. అంటుకోగానే హ్యాండిల్ లాగెయ్, దానెంట తిరగనివ్వొద్దు. లుంగీ, తువ్వాలు, మెళ్లో ఐడీ కార్డు తాడు ఏదీ ఫ్లైవీలు దగ్గర ఉండకూడదు.